సంచిలో దొరికిన వెంట్రుకలు: మా గ్రామసభకు ఒక బహిరంగ లేఖ

మన గ్రామ సర్పంచ్ గారికి, వార్డు సభ్యులకు, యువజన సంఘం బాధ్యులకు, ఊరి వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు,

నమస్కారం.

వచ్చే గ్రామసభలో రాత్రి గస్తీ గురించి, ఊరి పొలిమేరలో పెట్టదలచిన బోర్డు గురించి తీర్మానం చేయబోతున్నారని తెలిసి ఈ లేఖ రాస్తున్నాను. పది రోజులుగా మన గ్రూపుల్లో తిరుగుతున్న వాయిస్ మెసేజ్ నేనూ విన్నాను. పక్క మండలంలో ఇద్దరు పిల్లలను ఎత్తుకుపోయారని, ముఠాలో పదిహేను మంది ఉన్నారని, కొందరు బిచ్చగాళ్లలా, కొందరు దుప్పట్లు అమ్మేవాళ్లలా తిరుగుతున్నారని ఒక ఆడమనిషి ఏడుపు గొంతుతో చెబుతుంది. ఏ మండలమో మాత్రం చెప్పదు. ఏ ఊరివాళ్లు విన్నా అది వాళ్ల పక్క మండలమే అవుతుంది కాబట్టి, ఆ మాట ఒక్క అక్షరం మార్చకుండా రాష్ట్రమంతా తిరగగలదు.

బోర్డు మీద రాయించదలచిన వాక్యాలను యువజన సంఘం వారు నాకు చూపించారు. తెలుగు పండితుడిగా పనిచేసి విరమణ పొందినవాడిని కాబట్టి అక్షరదోషాలు దిద్దమని అడిగారు. 'ఈ గ్రామంలోకి కొత్తవారికి ప్రవేశం లేదు. అతిక్రమించినచో జరిగే పరిణామాలకు గ్రామం బాధ్యత వహించదు.' అక్షరదోషాలేమీ లేవు. కానీ రెండో వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. ఇంకా ఎవరూ రాలేదు, ఎవరి మీదా చెయ్యి పడలేదు, అయినా బాధ్యత మాది కాదని ముందే రాసి పెట్టుకుంటున్నాం. గుంపులో నిలబడిన మనిషి మనసులో ఉండే వాక్యం సరిగ్గా అదే. 2018 మే నెలలో ఒక రాత్రి, మన బస్టాండు దగ్గర, నా మనసులోనూ అదే ఉండింది.

ఆ రాత్రి సంగతి ఊళ్లో ఎవరూ ఎత్తరు. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు గస్తీకి పేర్లు ఇస్తున్నారు కాబట్టి నేను ఎత్తక తప్పడం లేదు.

కరెంటు పోయిన సమయం. నాలుగేళ్ల పిల్లవాడు కనిపించడం లేదని కింది వీధిలో కేక వినిపించింది. అప్పటికి రెండు వారాలుగా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందన్న మాట ఊళ్లో తిరుగుతూనే ఉంది. ఆరుబయట మంచాలు వేసుకోవడం మానేసి, మే నెల ఉక్కపోతలో తలుపులు బిగించుకుని పడుకుంటున్నాం. కేక వినబడిన పది నిమిషాల్లో బొడ్రాయి దగ్గర నూటయాభై మంది చేరాం. ఎవరు ముందు అన్నారో తెలియదు గాని, బస్టాండులో ఎవడో సంచితో ఉన్నాడన్న మాట వచ్చింది. అందరం అటు పరుగెత్తాం. నేనూ పరుగెత్తాను. అప్పటికి నా వయసు యాభై ఆరు.

చివరి బస్సు తప్పిపోయి సిమెంటు బెంచీ మీద తలకింద తువ్వాల పెట్టుకుని పడుకున్న మనిషి అతను. లేపి నిలబెట్టి ఎవరివి, ఎక్కడివి అని నలువైపుల నుంచీ ఒకేసారి అడిగితే మాట తడబడింది. తడబాటును దొంగతనం కింద లెక్కగట్టాం. అతను మాట్లాడింది తెలుగే. యాస మాత్రం మనది కాదు. ఆధార్ కార్డు తీసి చూపిస్తే దొంగ కార్డన్నారు. చూపించకపోయి ఉంటే కార్డే లేదనేవాళ్లం. ఆ తరవాత సంచి దులిపారు. పదిహేను ఇరవై ఫోన్ల వెలుతురులో కింద పడినవి నాలుగు స్టీలు గిన్నెలు, ఒక తూకం కాటా, పాలిథీన్ కవర్లలో ఉండలు చుట్టిన వెంట్రుకలు.

"పిల్లల వెంట్రుకలు!" అని ఎవరో అరిచారు. మొదటి దెబ్బ అప్పుడు పడింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించమని వేడుకుంటున్నాను. తల దువ్వుకున్నాక రాలిన జుట్టును ఉండ చుట్టి చూరులోనో గోడ సందులోనో దాచి, జుట్టు కొనేవాడు వచ్చినప్పుడు గిన్నెకో పిన్నుల అట్టకో మార్చుకోవడం మన ఇళ్లలో ఆడవాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పని. ఆ పూట కూడా మా ఇంట్లో, అటక కింది మేకుకు, నా భార్య దాచిన జుట్టు కవరు వేలాడుతూనే ఉంది. రోజూ చొక్కా తగిలించేటప్పుడు నా చేతికి తగిలే కవరు. ఆ గుంపులో ఉన్న నూటయాభై మందిలో ఆ వ్యాపారం తెలియనివాళ్లు పదిమంది కూడా ఉండరు. అయినా నిమిషం పాటు ఎవరికీ అది గుర్తు రాలేదు. భయం మనకు తెలియని విషయం గురించి అబద్ధం చెబుతుందని అనుకునేవాణ్ణి. తెలిసిన విషయాన్ని కూడా కళ్లెదుటే మరపించగలదని ఆ రాత్రి చూశాను.

నేను చేసిన పని కూడా చెప్పాలి. కొట్టలేదు. "పోలీసులు వచ్చేదాకా వదలకండి" అని గట్టిగా అన్నాను. పారిపోనివ్వకండి అన్నది నా ఉద్దేశం. నా చేత పాఠాలు చెప్పించుకున్న కుర్రవాళ్లు ముందు వరసలో ఉన్నారు. వాళ్లకు వినిపించింది 'వదలకండి' అన్న ఒక్క మాటే. మా సారు కూడా వదలొద్దన్నాడు కదా అని ఆ తరవాత ఒకరు నాతోనే అన్నారు. ముప్పై ఏళ్లు క్రియాపదాలు బోధించినవాణ్ణి, ఆ క్రియకు రెండర్థాలున్నాయని గుంపు మధ్య నిలబడి మరచిపోయాను. పోలీసులకు ఫోన్ చేశానా అంటే, అదీ లేదు. ఇంతమందిలో ఎవరో చేసే ఉంటారనుకున్నాను. ఠాణాకు మొదటి ఫోన్ వెళ్లింది సుమారు అరగంట తరవాతేనని తెలిశాక ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అతను బతికి బయటపడ్డాడంటే కారణం వడ్ల బజారు అవ్వ ఒక్కతే. గుంపు కాళ్ల సందుల్లోంచి దూరి ముందుకు వచ్చి, చేతిలోని గిన్నె పైకెత్తి, "ఈ మనిషి పోయినేడు ఉగాదికి ముందు మా గల్మకాడికి రాలేదా? నా యెంట్రుకలకు ఈ గిన్నె ఇచ్చినోడు ఈయనె గద! మీ ఇండ్లల్ల లేవా ఈ గిన్నెలు?" అంది. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు, ధర్మం చెప్పలేదు. గిన్నె చూపించి ఒక ప్రశ్న అడిగింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, అవును, మేమూ తీసుకున్నాం అన్నారు. అంతే, వెనక వరసల నుంచి గుంపు పలచబడడం మొదలైంది. పిల్లవాడు మేనత్త వాళ్ల మిద్దె మీద చాప మీద నిద్రపోతున్నాడని కాసేపటికి కబురు వచ్చింది. అప్పటికే ఆ మనిషి కుడి చెవి నుంచి రక్తం కారుతోంది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. గిన్నెలు ఏరి సంచిలో వేసి ఇచ్చాం.

తరవాతి రోజుల్లో ఈ విషయమై కొంత చదివాను. 1950 దశకం తొలినాళ్లలో సాలమన్ ఆష్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. గీతల పొడవులు పోల్చి చెప్పాలి, చిన్నపిల్లలు కూడా చెప్పగలిగినంత తేలిక. అయితే గదిలో ఉన్న మిగతావాళ్లందరూ ముందే కూడబలుక్కుని తప్పు చెబుతుంటే, అసలు పరీక్షకు వచ్చిన మనిషి సుమారు మూడోవంతు సందర్భాల్లో కళ్లకు కనిపిస్తున్నది వదిలేసి వాళ్ల తప్పునే తానూ పలికాడు. నాకు నచ్చింది ఆ తరవాతి భాగం. మిగతావాళ్లలో ఒక్కరు నిజం చెప్పినా చాలు, లొంగిపోవడం బాగా పడిపోయింది. మెజారిటీ అలాగే ఉంది, దాని ఏకగ్రీవం మాత్రం పోయింది. వడ్ల బజారు అవ్వ ఆష్ పేరు విని ఉండదు.

1968లో లటానే, డార్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక గదిలోకి పొగ వదిలి చూశారు. గదిలో ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. పొగను పట్టించుకోనట్టు నటించే ఇద్దరి మధ్య కూర్చున్నప్పుడు చెప్పినవాళ్లు 10 శాతం మాత్రమే. నేను ఫోన్ చేయకపోవడానికి కారణం ఇందులో దొరికింది. ఊరట మాత్రం దొరకలేదు.

మన అదృష్టం మిగతా చోట్ల లేదు. అదే మే నెలలో ఇవే వదంతులు యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్ మండలంలోనూ, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోనూ ప్రాణాలు తీశాయి. మొదటి చోట చనిపోయిన మనిషి చుట్టాలింటికి వచ్చినవాడు. రెండో చోట భిక్షాటన చేసుకునే ట్రాన్స్‌జెండర్ మహిళ. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో సంతకు బస్సు దిగిన ఐదుగురు సంచార భిక్షకులను చంపారు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి దగ్గర, స్కూలు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, హైదరాబాద్ నుంచి వెళ్లిన మిత్రబృందం కారును వెంబడించి, ముందున్న ఊరికి వాట్సాప్‌లో కబురంపి, రోడ్డుకు అడ్డుకట్ట వేయించి కొట్టారు. వారిలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చనిపోయాడు. అడ్డం వెళ్లిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. ముర్కివాళ్లు ఆ కారును అంతకుముందు చూడలేదు, చాక్లెట్ల సంగతి కళ్లారా చూడలేదు. చేతికి వీడియో వచ్చింది, రోడ్డు మీదికి కారు వచ్చింది. రెండేళ్ల తరవాత, లాక్‌డౌన్ రోజుల్లో, 2020 ఏప్రిల్ 16 రాత్రి, మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా గడ్‌చించ్‌లేలో దొంగలు తిరుగుతున్నారన్న పుకారుతో ఇద్దరు సాధువులను, వారి డ్రైవరును చంపారు. చనిపోయినవాళ్ల మతాలు వేరు, వృత్తులు వేరు, చదువులు వేరు. ఆ క్షణంలో ఆ చోట వాళ్లను 'మావాడే' అనడానికి ఒక్కరూ లేకపోవడం ఒక్కటే అందరికీ ఉమ్మడి.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో మన గ్రూపులోకీ వచ్చింది. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి నటులతో తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్లు వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దించి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి పంపారు. దాన్ని మన గ్రూపులో ముందుగా పెట్టింది ఎవరన్నది ఇప్పుడు అనవసరం. 'తప్పక షేర్ చేయండి' అని రాసి మా బంధువుల గ్రూపుకు నేనూ పంపాను.

ఈ వదంతుల్లో 'పార్థీ గ్యాంగ్' అన్న మాట మీరందరూ విన్నారు. పార్థీలు మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ ప్రాంతాల్లో వేట మీద బతికిన ఒక జాతి. బ్రిటిష్‌వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టమని ఒకటి తెచ్చి, కొన్ని జాతులలో పుట్టిన ప్రతివాడూ పుట్టుకతోనే దొంగ అని రిజిస్టర్లో రాశారు. మన తెలుగు ప్రాంతంలో ఎరుకలవారిని అలాగే రాసి, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సెటిల్‌మెంటు పేరుతో ఒక కాలనీ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ కాపలాలో ఉంచారు. స్వతంత్రం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. రిజిస్టర్లు పోయాయి, పేర్లు మాత్రం నోళ్లలో మిగిలాయి. ఒక జాతి పేరు పక్కన 'గ్యాంగ్' అన్న మాట తగిలించి ఫార్వర్డ్ చేసినప్పుడు, ఆ పాత రిజిస్టరును మనం ఫోన్లో మళ్లీ తెరిచినట్టే.

మన ఊరు ఎప్పుడూ కొత్తవాళ్లతోనే నడిచింది. బుడగ జంగాలు వచ్చి కథ చెప్పారు, గంగిరెద్దులవాళ్లు వచ్చారు, పిట్టలదొర వచ్చి కోతలు కోసి నవ్వించాడు, పూసలమ్మేవాళ్లు, సానపట్టేవాళ్లు, పాతసామాన్లవాళ్లు వచ్చి పోయారు. ఏ ఇంటి ముందు ఆగాలో, ఏ ఇంట్లో సద్దన్నం దొరుకుతుందో వాళ్లకు తెలుసు, వాళ్ల పేర్లు మనకు తెలుసు. ఇప్పుడు కొనేది అంగట్లో, చూసేది ఫోన్లో. వచ్చేవాడి ముఖం గుర్తు పట్టేవాళ్లు అవ్వలాంటి వృద్ధులే మిగిలారు. వాళ్లూ ఒక్కొక్కరే పోతున్నారు. మనం పెట్టబోయే బోర్డు మిగిలిన ఆ కాస్త పరిచయాన్ని కూడా పొలిమేర దగ్గరే ఆపేస్తుంది.

పిల్లల గురించి భయపడడం తప్పని నేను అనను. పిల్లలు నిజంగానే తప్పిపోతున్నారు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్ పేరుతో, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు వెతికి బయటికి తెచ్చే పిల్లలు దొరికేది ఎక్కడ? ఇటుక బట్టీల్లో, గాజుల కార్ఖానాల్లో, హోటళ్ల వెనక గదుల్లో. వాళ్లను తీసుకుపోయేవాడు సాధారణంగా సంచితో రాడు. అడ్వాన్సు డబ్బుతో, తెలిసినవాళ్ల పరిచయంతో, పగటిపూట వచ్చి, అరుగు మీద కూర్చుని టీ తాగి పోతాడు. రాత్రి గస్తీకి అతను ఎదురుపడడు. మన ఊరి నుంచి పోయిన ఏడాది చదువు మానేసిన పిల్లలు ఎందరు, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అన్న ప్రశ్న గ్రామసభలో ఎవరైనా అడిగితే, అరగంట గస్తీ కన్నా అది పిల్లలకు ఎక్కువ కాపలా.

వదంతిని ఊరి స్థాయిలోనే ఆపవచ్చనడానికి మన పక్కనే ఉదాహరణ ఉంది. 2018 వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారి సిబ్బంది, ఎండాకాలంలో ఆరుబయట పడుకోవలసిన జనం చీకటి పడగానే తలుపులు వేసుకోవడం గమనించారు. ఊరికో పోలీసును కేటాయించి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వాళ్లను చేర్పించి, డప్పుతో, పాటతో వీధివీధినా అది అబద్ధమని చెప్పించారు. గద్వాల, వనపర్తి జిల్లాల్లో సుమారు 400 ఊళ్లలో ఈ పని జరిగింది, అక్కడ ఒక్క ప్రాణం పోలేదు. ఆ ఏడాదే జులై 17న సుప్రీంకోర్టు, మూకదాడులను ఆపడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారిని నియమించాలని ఆదేశించింది. వాట్సాప్ సంస్థ అప్పట్లో మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. కాని మన గ్రూపులో రెండు వందల మంది ఉన్నారు. ఒక్క గ్రూపుకు పంపినా రెండు వందల ఫోన్లు.

చట్టం సంగతి గస్తీకి పేరిచ్చిన కుర్రవాళ్లు తెలుసుకోవాలి. ఐదుగురు లేక అంతకు మించి ఒకే ఉద్దేశంతో అక్రమంగా గుమిగూడి, ఆ ఉద్దేశం నెరవేర్చుకోవడంలో నేరం జరిగితే, చెయ్యి ఎవరిదైనా సరే ఆ గుంపులోని ప్రతివాడూ ఆ నేరానికి బాధ్యుడే. పాత శిక్షాస్మృతిలో ఇది 149వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 190. 'గ్రామం బాధ్యత వహించదు' అని బోర్డు మీద రాసుకున్నంత మాత్రాన కోర్టులో అది చెల్లదు. చీకట్లో కలిసి కొట్టినవాళ్లు కేసు వచ్చాక ఒక్కొక్కరుగా వాయిదాలకు తిరుగుతారు.

ఇక నేను కోరుతున్నవి. గస్తీ పెట్టదలిస్తే పెట్టండి, టార్చిలైట్లు ఇవ్వండి, కర్రలు మాత్రం వద్దు. చేతిలో కర్ర ఉన్నవాడికి దానికి ఒక పని కావాలి. కొత్త మనిషి మీద అనుమానం వస్తే ఆపినవారు మొట్టమొదట చేయవలసింది 112కు ఫోన్ చేయడం. ఎవరో చేస్తారులే అనుకోకుండా, ఫలానా రోజు ఫోన్ చేయవలసింది ఫలానా మనిషి అని గస్తీ పుస్తకంలో పేరు రాసి ఉంచండి. వీడియో తీసి గ్రూపులో పెట్టడం పూర్తిగా నిషేధించండి. ముర్కిలో మనిషి చావుకు దారి వేసింది అదే.

ఆపిన మనిషిని పంచాయతీ ఆఫీసులో కూర్చోబెడదామని యువజన సంఘం వారు అన్నారు. ఉద్దేశం మంచిదే. కాని రైన్‌పాడాలో ఆ ఐదుగురినీ కొట్టి చంపింది పంచాయతీ ఆఫీసు గదిలోనే. గోడలు కాపాడవు, తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారన్నది కాపాడుతుంది. అందుకని ఏడుగురి పేర్లు గ్రామసభలోనే ప్రకటించండి. అందులో కనీసం నలుగురు మహిళా సంఘాల నుంచి ఉండాలి. ఆశా కార్యకర్త తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఏ ఇంట్లో ఏ వయసు పిల్లలున్నారో ఊళ్లో అందరికన్నా బాగా తెలిసింది ఆమెకే. పోలీసులు వచ్చేదాకా ఆ ఏడుగురిలో ఉన్నవాళ్లు తలుపు దగ్గర నిలబడతారు, లోపలి మనిషికి మంచినీళ్లు ఇస్తారు, 'నిన్ను ఈ ఊళ్లో గుర్తుపట్టేవాళ్లు ఎవరు?' అని అడుగుతారు. మొదటి పేరు నాది రాసుకోండి. ఎనిమిదేళ్ల కిందట అడగవలసిన ప్రశ్న అది.

గ్రూపు అడ్మిన్లకు ఒక మాట. ఆ వాయిస్ మెసేజ్ పెట్టిన మనిషిని గ్రూపు నుంచి తీసేయకండి. తీసేస్తే ఇంకో గ్రూపులో పెడతాడు, అక్కడ ఎవరూ కాదనరు. ఏ ఊరు, ఏ రోజు, ఏ ఠాణాలో కేసు అన్న మూడు ప్రశ్నలు అదే గ్రూపులో, అందరికీ కనబడేటట్టు, మర్యాదగా అడగండి. సమాధానం రాకపోతే రాలేదని కూడా అక్కడే రాయండి.

బోర్డు విషయం మిగిలింది. పెయింటరుకు 500 రూపాయలు అడ్వాన్సు ఇచ్చేశారని, ఇనుప రేకు కూడా వచ్చేసిందని విన్నాను. రేకు వృథా చేయనక్కర్లేదు. పైన మన ఊరి పేరు, కింద 112, పిల్లల సహాయవాణి 1098, ఆ కింద రాత్రి చివరి బస్సు వేళ రాయించండి. ఆ రాత్రి అతనికి తెలియనిది అదొక్కటే. మిగతా ఖర్చు నేను పెట్టుకుంటాను.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు పండితుడు,
కింది వీధి